గాజు కొట్టం దగ్గర పిలవకూడదు

జర్మనీలో, తురింగియా అడవుల్లోని ఆ పల్లెలో, వాగు దాటాక ఓ పాడుబడ్డ గాజు కొట్టం ఉంది. అక్కడ గాజు ఊదే ముసలి ట్రౌగొట్ పోయాక అటు మొహం పెట్టినవాళ్లు లేరు. పోయినవాడు పోయినట్టు ఊరుకోలేదట. రాత్రుళ్లు మంటకు గాలి కొట్టే కాలితిత్తి తొక్కుతున్న చప్పుడు — ఫుస్... ఫుస్... ఆ చుట్టుపక్కల నోరెత్తి ఎవరినీ పిలవకూడదు. పిలిస్తే ఓ ప్రాణం పోతుందట.

ఒట్టీలియాకు ఇదంతా చెప్పింది ఆమె మొగుడు లేబెరెక్ట్. సముద్రపు జీవాలను గాజుతో ఊది చేయడంలో అతనికి సాటి లేరు. అసలు జెల్లీచేపను సారాయిలో నిల్వపెడితే ముద్దయిపోతుంది కాబట్టి, విశ్వవిద్యాలయంలో పాఠాలకు ఇతని బొమ్మలే కావాలి. ఊదీ ఊదీ ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇంకొక్కటి ఊదినా మనిషి దక్కడన్నాడు డాక్టరు. ఆ రోజే ఒట్టీలియా ఇంట్లో గాజు కరిగించే దీపాన్నీ తిత్తినీ అటకెక్కించింది.

"అయితే గోళ్లు గిల్లుకుంటూ కూర్చోమంటావా?"

"కూర్చో. బతికి కూర్చో."

నవ్వాడు. "నువ్వు మాత్రం చీకటిపడ్డాక కొట్టం వైపు వెళ్లకు. ముసలాడికి నీ గొంతు అసలే పడదు."

అక్క కాన్పు చూసి వస్తున్న రాత్రి, మంచు పడి పైదారి మూసుకుపోయింది. వాగు దారే మిగిలింది. ప్రార్థన గొణుక్కుంటూ తల వంచుకుని నడిచింది.

ఫుస్...

కాళ్లు ఆగిపోయాయి. తలుపు సందులోంచి నీలం వెలుగు. చూడకూడదనుకుంటూనే చూసింది.

దీపం ముందు ట్రౌగొట్ లేడు. తాను అల్లి ఇచ్చిన బూడిదరంగు శాలువా కప్పుకుని... లేబెరెక్ట్.

"లే—" అనబోయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

గాజు గొట్టం అతని పెదవుల మధ్య ఉంది. దాని చివర, నీటిమీద తేలే జెల్లీచేపకుండే గాలిబుడ్డ, సబ్బు బుడగంత పలచన. పిలుపు విని అతను ఉలిక్కిపడితే పగులుతుంది. పగిలితే ఆ మొండివాడు మళ్లీ ఊదుతాడు. మళ్లీ ఊదే ఊపిరి ఎక్కడుంది? ఇక్కడ ఎందుకు పిలవకూడదో, ఈ దెయ్యం కథను ఊళ్లోకి తెచ్చిందెవరో ఇప్పుడు తెలిసింది. తెలిసీ, మంచులో నిలబడి ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

బుడ్డ నిండింది. ఊపిరి లోపల ఉండగానే గొట్టం కరిగించి మూసేశాడు. బల్లమీదికి ఒరిగాడు. అప్పుడు లోపలికి పరుగెత్తింది.

"పిలవలేదుగా?" గాలి అందడం లేదు అతనికి.

"పిలవలేదు."

"మంచిదానివి..."

తెల్లవారకముందే పోయాడు. ఆ బొమ్మ దూది పెట్టెలో విశ్వవిద్యాలయానికి వెళ్లింది, అతని ఆఖరి ఊపిరితో సహా. పంపేముందు పగలగొట్టి ఆ ఊపిరిని వదిలేద్దామని ఒట్టీలియా చేయెత్తింది. చేతులు రాలేదు.

కొట్టంలోని తిత్తిని మాత్రం కోసి పొయ్యిలో పెట్టింది. కానీ చలికాలం పోకముందే చప్పుడు మళ్లీ మొదలైంది — ఫుస్... ఫుస్...

ఊరు ఊరంతా వాగు వైపు చూడటం మానేసింది. ఒట్టీలియా ఒక్కతే రాత్రుళ్లు వెళ్లి తలుపు బయట నిలబడుతుంది. పేరు నోటిదాకా వస్తుంది...

పిలవదు.