తొంభై ఆరు తర్వాతి పుట

పుస్తకాలు కుట్టే ఆయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ పొద్దున్నే భార్య గ్రంథం చదువుతుంటే మాత్రం దుకాణానికి బయల్దేరేవాడల్లా గుమ్మంలో నిలబడి పిల్లిలా వింటాడు. పలచని ఎండ పుట మీద పడి అక్షరాలు నీళ్లలో కదులుతున్నట్టుంటాయి.

పెద్దకూతురు పోయి ఏడాది. ఆ దిగులుతో మంచం పట్టిన భార్యను ఆ గ్రంథమే లేపి కూర్చోబెట్టింది. రోజూ అవే రెండు పుటలు. ఎడమవైపు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడుపు, కుడివైపు దేవుడుండే లోపలి గది తలుపు తెరుచుకోవడం.

“ఆ గది ఎక్కడో లేదండీ,” అంటూ గుండె మీద చెయ్యి వేసుకుంటుంది ఆమె. “ఏడుపే తాళంచెవి. లోపలికెళ్లి కూర్చోవడమే పూజ.”

ఆ రోజు చిన్నకూతురు కాఫీ తాగుతూ తల్లి భుజం మీంచి తొంగిచూసింది. “నాన్నా! తొంభై ఆరు తర్వాత నూట పదమూడా? మధ్యలో పదహారు పేజీలు షికారుకెళ్లాయా?”

ఆయన ముఖం పాలిపోయింది. నెలల తరబడి దాచిన మాట ఇక కడుపులో ఆగలేదు.

“ఇటివ్వు, విప్పి మళ్లీ కుడతాను.”

“ముట్టుకోకండి!”

“నా తప్పేనే! పిల్ల పోయిన వారానికి కుట్టాను. చేతులు వణికి, ముందు రావాల్సిన పదహారు పేజీల మడత వెనక్కి పోయింది. అందులో మర్మమూ లేదు, మట్టీ లేదు. ఏడాదిగా నా పొరపాటుకి దండం పెడుతున్నావు!”

అనేశాక భయమేసింది. మళ్లీ మంచం పడుతుందేమో!

ఆమె నెమ్మదిగా తలెత్తింది. “తెలుసు. అంకెలు నాకూ వచ్చు.”

“తెలిసీ...?”

“ఆ పదహారు పేజీల్లో ఆ తల్లి తిరగని చోటు లేదు, దేవుణ్ని తిట్టని తిట్టు లేదు. చివరికి ఈ తలుపు దగ్గరికే వచ్చింది. నాకంత ఓపిక ఎక్కడిది? మీ చేతులే నన్ను నేరుగా ఇక్కడ దింపాయి.” ఆమె ఆ కుట్టు మీద వేలు పెట్టింది. “ముప్పై ఏళ్లలో ఒక్క కుట్టు తప్పని చేతులవి. పిల్ల కోసం ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదని మీ మీద ఎంత కుమిలిపోయానో! ఇది చూశాకే తెలిసింది, మీరెక్కడ ఏడ్చారో.”

ఆయన గుమ్మంలోనే కూలబడి బావురుమన్నాడు. చిన్నకూతురు పరుగున వచ్చి తండ్రిని పట్టుకుంది. ఆమె గ్రంథం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

“ఇవాళ మీరు చదవండి.”

“గొంతు రావట్లేదే...”

“లోపలే చదువుకోండి. అక్కడికే వినిపించాలి.”

ఆయన పెదవులు కదిలాయి. దుకాణం తాళం తీసేసరికి మధ్యాహ్నం దాటింది.