మల్లెస్వరం

వంకాయలు ఏరమంటే పుచ్చులే ఏరుకొచ్చే మనిషి పట్టాభి. చీర తెమ్మంటే కర్టెన్ గుడ్డలాంటిది తెస్తాడు. అలాంటివాడి చేత భార్య గొంతు ఎంపిక చేయించారు ఆస్పత్రివాళ్లు.

క్యాన్సర్ సోకిన స్వరపేటిక తీసేసినచోట ఇప్పుడందరికీ 'మాటగూడు' అమరుస్తున్నారు. నాలుకకూ గొంతుకూ నరాలు పంపే ఆదేశాలను పట్టుకుని అదే పలుకుతుంది. ఏ స్వరంతో పలకాలో మాత్రం ఇంటివాళ్లు ఎంచాలి. రోజూ వినేది వాళ్లే కదా అని. పట్టాభి వేలు తిన్నగా వెళ్లి 'మల్లెస్వరం' మీద ఆగింది. కోపాన్ని వడగట్టి, మర్యాద కలిపి వడ్డించే రకమది.

ఏడాదిగా అతని భార్య భ్రమరాంబ ఎవరినీ తిట్టలేకపోయింది. "సిగ్గుగా లేదూ మీకు?" అని మండిపడితే రైల్వే ప్రకటనలా తియ్యగా వినబడేది. "ఏం లేదు భ్రమరం" అని పట్టాభి నవ్వేవాడు.

ఆ ఉదయం తనిఖీ కోసం డాక్టర్ సుహాసిని వంటింటి తెరమీదికి వచ్చింది.

"ఇది తీసేయండి డాక్టర్‌గారూ. పాత పద్ధతిలో శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య కవాటం పెట్టండి చాలు. మెడమీది రంధ్రం వేలితో మూసుకుని మాట్లాడుకుంటాను. బొంగురైనా నా ఊపిరే కదా."

"ఎంత చక్కగా అడిగారండీ! కానీ మీ గూడు నివేదికలో ప్రశాంతత తొంభై ఎనిమిది శాతం. బాధన్నది ఎక్కడా లేదే!"

భ్రమరాంబ కాగితంమీద 'బాధగా ఉంది' అని పెద్దక్షరాలతో రాసి చూపించింది.

"రాతలు చెల్లవండీ. ఎవరైనా బలవంతాన రాయించొచ్చు కదా! స్వరం ఎంచినవారే సంతకం పెట్టాలి."

"నాకే ఇబ్బందీ లేదండీ," అన్నాడు పట్టాభి పక్కనుంచి. "ముప్పయ్యేళ్లకి ఇల్లు ప్రశాంతంగా ఉంది."

భ్రమరాంబ విసురుగా తిరిగింది. చెయ్యి తగిలి నూనె గిన్నె నేలమీద బోర్లాపడింది. పట్టాభి కాఫీ గ్లాసుతో అటే అడుగు వేస్తున్నాడు. ఆమె ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి అరిచింది.

"దయచేసి ఒక్క క్షణం ఆగగలరా..." అని మొదలుపెట్టింది గూడు. అది నూనె అన్న మాట దాకా వచ్చేలోపే పట్టాభి వెల్లకిలా పడ్డాడు. కుడి మణికట్టు పుటుక్కుమంది.

"అబ్బా! అరిచి చెప్పొచ్చు కదే!"

"అరిచానండీ," అంది గూడు హాయిగా.

పట్టాభి తలెత్తి చూశాడు. భార్య మెడ నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. మొహమంతా కన్నీళ్లు.

"ఇన్నాళ్లూ... ఇలాగే అరుస్తున్నావా?"

ఆమె తలూపింది. ఈసారి గూడుకి పని పెట్టలేదు.

నొప్పికి పళ్లు బిగించి పట్టాభి తెరవైపు తిరిగాడు.

"డాక్టర్‌గారూ, ఎడంచేత్తో సంతకం పెడితే చెల్లుతుందా?"

"దేనికండీ?"

"గూడు తీసేయడానికి. నా చెవులకి హాయిగా ఉంటుందని ఎంచాను. మాట్లాడాల్సింది తనే అన్నది మర్చిపోయాను. తప్పు నాదేనండీ."