నాలుగు కేబీల నీడలు

పొద్దున తొమ్మిదింటికి కొల్లాపూర్ మామిడి తోటలో ఏజెంట్ ఇస్రాయేలును ఎవరో కాల్చి చంపారు. మధ్యాహ్నం మూడింటికి అతని పెన్‌డ్రైవ్ వనపర్తిలోని ముజమ్మిల్ ఫోటో స్టూడియోకు చేరింది. పదకొండేళ్లుగా ముజమ్మిల్ ఊరందరికీ పాస్‌పోర్ట్ ఫోటోలు తీస్తున్నాడు. పదకొండేళ్లుగా ఏజెంట్ సెవెన్టీన్ కూడా అతనే. ఈ రెండో సంగతి భార్యకు కూడా తెలియదు.

పెన్‌డ్రైవ్ తెచ్చింది ఇస్రాయేలు పార్ట్‌నర్ ఫరా. గద్వాల పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. ఆమె వీధిలో నడుస్తుంటే ఎదురు టీకొట్టువాడు పాలు పొంగిన సంగతి కూడా చూసుకోలేదు.

చీఫ్ ఫోన్‌లో క్లుప్తంగా బ్రీఫింగ్ ఇచ్చాడు. ఒక విదేశీ ముఠా డ్యామ్ గేట్ల ప్లాన్లు కాజేసింది. సాక్షి రిటైర్డ్ ఇంజనీర్ అబ్దుల్ మజీద్. నాగర్‌కర్నూల్ నుంచి గద్వాల పోయే బస్సులో నాలుగింటికి వనపర్తిలో దిగుతాడు. ముఠా షూటర్ అక్కడే కాచుకుని ఉంటాడు. ఆ ముఖాన్ని ఇస్రాయేలు ఫోటో తీశాడు. మజీద్ దగ్గర ఫోన్ లేదు. మరీ ప్రమాదమైతే బస్టాండ్ మైకులో ‘ఎర్ర గొడుగు’ అని వినిపించాలి, ఆయన బస్సు దిగడు. కానీ ఆ మాట విన్నాక మళ్లీ ఎవరికీ దొరకడు.

ముజమ్మిల్ పెన్‌డ్రైవ్ పెట్టాడు. లోపల ఏమీ లేదు.

"ఇస్రాయేలుది మ్యాక్ కదా భాయ్. మన విండోస్ల గిట్లనే ఖాళీగ కనబడ్తది," అంది ఫరా.

రికవరీ సాఫ్ట్‌వేర్ వేశాడు. లినక్స్‌లో చూశాడు. ఫలితం లేదు. మూడూ నలభైకి ఆశ వదులుకుని, కనీసం మజీద్‌కు కాపలాగానైనా ఉండమని ఫరాను బస్టాండుకు పంపాడు.

ఆమె వెళ్లాక, దాగిన ఫైళ్లు చూపించే సెట్టింగ్ నొక్కాడు. తొమ్మిది ఫైళ్లు బయటపడ్డాయి. అన్నింటి పేర్లూ చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలు. మ్యాక్ ప్రతి ఫోటో పక్కనా రాసిపెట్టి, తన యజమానికి మాత్రం ఎన్నడూ చూపించని నీడ ఫైళ్లవి. కస్టమర్ల పెన్‌డ్రైవుల్లో ఇవి కనబడితే వైరస్ అనుకుని తుడిచేయడం ఊళ్లో ప్రతి స్టూడియోకూ అలవాటే. ముజమ్మిల్ చేతికీ అదే అలవాటు. అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ మీద వేలు పెట్టాడు.

ఎనిమిది ఫైళ్లు ఒక్కోటి నాలుగు కేబీలు. తొమ్మిదోది అరవై రెండు.

వేలు ఆగింది. ఇస్రాయేలు ఆ ఒక్క ఫోటోను ఏదో ఎడిటర్‌లో సేవ్ చేసి ఉంటాడు, అందుకే దాని నీడలో చిన్న బొమ్మ మిగిలింది. అసలు ఫోటోలు తుడిచినవాళ్లకు ఈ నీడల సంగతి తెలియదు. ఆ ఫైలును కాపీ చేసి, ముందున్న చెత్త బైట్లు కత్తిరించాడు. స్టాంపు బిళ్లంత బొమ్మ తెరుచుకుంది. మామిడి చెట్టు కింద ముఠా నాయకుడు. అతనికి ప్లాన్ల చుట్ట అందిస్తూ ఫరా.

షూటర్‌ను మజీద్ దగ్గరికి ముజమ్మిల్ తన నోటితోనే పంపాడు. మూడూ యాభై ఎనిమిది. బస్టాండ్ మైకు దగ్గరుండే నాగన్నకు ఫోన్ కొట్టాడు.

"నాగన్నా, ఎర్ర గొడుగు పోయిందని చెప్పు. ఇప్పుడే చెప్పు."

మైకు మోగేసరికి మజీద్ ఒక కాలు మెట్టు మీద పెట్టి ఉన్నాడు. కాలు వెనక్కి తీసుకున్నాడు. బస్సు కదిలిపోయింది. ముజమ్మిల్ కబురందుకుని చీఫ్ పంపిన మఫ్టీ కానిస్టేబుళ్లు ఫరా బ్యాగులో పిస్తోలు పట్టుకున్నారు. అది డిపార్ట్‌మెంట్ ఇచ్చినదే, నేరానికి రుజువు కాదు. గద్వాల చేరేసరికి మజీద్ బస్సులో లేడు. ప్రాణం దక్కింది, సాక్ష్యం పోయింది. ఇస్రాయేలు ఎలాగూ లేడు.

ఆరులోగా రుజువు చూపించకపోతే ఫరాను వదిలేయాలన్నాడు చీఫ్. కాపీలు చెల్లవు, ఒరిజినల్ కావాలన్నాడు. ముజమ్మిల్ పెన్‌డ్రైవ్‌ను జీపులో గద్వాలలోని చీఫ్ క్యాంపుకు పంపించాడు.

ఆరుకు ఐదు నిమిషాలుందనగా ఫోన్ మోగింది.

"ఏంది ముజమ్మిల్, గిది ఖాళీగున్నది?"

ముజమ్మిల్ కళ్లు మూసుకున్నాడు. "సార్, మీది ఏం కంప్యూటర్?"

"మ్యాక్," అన్నాడు చీఫ్ గర్వంగా. "నిన్ననే వచ్చింది."