నెలనెలా అత్తగారి చేత్తోనే

ఎలాయ్ ఆ మాత్రల అట్టను పొయ్యిలో పడేసినప్పుడు పిల్లలు ముగ్గురూ వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు. "గర్భం రాకుండా మందులా... నాకు తెలియకుండా?" అన్నాడు. అతనికి ఎవరు చెప్పారో భార్య మరీసెలా అడగలేదు. ఊళ్ళో ఉన్న ఒక్క మందుల షాపులో బిల్లు కొట్టేది అత్తగారు బెనిల్డేయే.

మరుసటి ఏడాది నాలుగో కాన్పులో నెత్తురు ఆగలేదు. పాదిరీ వచ్చి, పోయేవాళ్ళకి రాసే ఆఖరి నూనె నుదుట రాసి వెళ్ళాడు. ఎలాగో బతికి బయటపడ్డాక డాక్టరమ్మ, "ఇంకో కాన్పయితే నువ్వు మిగలవు" అంది. ఎలాయ్ మాత్రం, "అంతా దేవుడి చేతిలో ఉంది" అన్నాడు. బెనిల్డే మంచం పక్కన జపమాల తిప్పుతూ కూర్చుంది తప్ప, తప్పయిందని ఒక్క మాట అనలేదు... మరీసెలా ఏడవలేదు. ఏడుపునంతా గుండెలో గడ్డకట్టించుకుంది.

చంటిదానికి టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు నర్సు చెప్పింది. ఇప్పుడు డాక్టరు చీటీ అక్కర్లేదట, సర్కారు ఆరోగ్య బీమా కార్డు చూపిస్తే చాలు, ఆ మాత్రలు ఉచితమట. "మీ ఊళ్ళో ఇబ్బందయితే పట్నంలో తీసుకో" అంది నర్సు.

"ఎందుకు? మా ఊళ్ళోనే తీసుకుంటాను" అంది మరీసెలా.

మర్నాడు వరసలో నిలబడి, అత్తగారి ముందు కార్డు పెట్టింది. "గర్భం రాకుండా వేసుకునే మాత్రలు కావాలి."

వెనక, ఆ మాత్రలు పాపమనే చర్చి ఆడవాళ్ళిద్దరు ఉన్నారు. బెనిల్డే ముఖం పాలిపోయింది. "మెల్లగా మాట్లాడవే. అటు కిటికీ దగ్గర ఇంకో అమ్మాయి ఉందిగా, అక్కడికి పో."

"మీ చేత్తోనే ఇవ్వండి అత్తయ్యా. ఎవరేం కొన్నారో బయట చెప్పనని సంతకం పెట్టారటగా. పోయినసారి మీ షాపు యజమానికి చెప్పకుండా ఊరుకున్నాను. ఈసారి ఊరుకోను."

"ఈ వయసులో నా కూడు పడగొడతావా?"

"మీరు నా పిల్లలకి తల్లి లేకుండా చేయబోయారు."

బెనిల్డే అలమరలోంచి పెట్టె తీసింది. "మూడు నెలలకి సరిపడా ఒకేసారి తీసుకోవచ్చు... అదీ ఉచితమే."

"వద్దు. ఒక్క నెలకే ఇవ్వండి. నెలనెలా వస్తాను."

అన్నట్టే వెళ్ళింది. అత్తగారు తల వంచుకుని కార్డు అందుకోవడం చూడడానికే వెళ్ళింది.

ఏడాదిన్నర గడిచాక ఒక ఆదివారం, అందరూ మొక్కజొన్న, మాంసం వేసి వండిన పొసోలే పులుసు తింటుండగా ఎలాయ్ గిన్నె పక్కకు నెట్టాడు. "చంటిదానికి రెండేళ్ళు నిండాయి. ఇంకో నలుసు లేదు. అమ్మా, ఇది మళ్ళీ నీ షాపులో ఏమైనా కొంటోందా?"

మరీసెలా చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. అత్తగారు నోరు తెరిస్తే మాత్రలు మళ్ళీ పొయ్యి పాలే. ఆ తరువాత...

"షాపు సంగతులు ఇంట్లో చెప్పను" అంది బెనిల్డే.

"ఇదివరకు చెప్పావుగా!"

"చెప్పాను. చెప్పి, దీన్ని నేనే చంపబోయాను." బెనిల్డే కొడుకు వైపు తిరిగింది. "ఆ పాపంలో నువ్వూ నాతో సమానమేరా. ఇంకెప్పుడూ నన్ను అడగకు."

ఎలాయ్ కుర్చీ తోసుకుని బయటికి వెళ్ళిపోయాడు. బెనిల్డే కోడలి కళ్ళలోకి చూసింది. ఇక చాలు అంటుందేమోనని ఎదురుచూసింది. మరీసెలా చంటిదాని వైపు తిరిగి మూతి తుడిచింది.

మరుసటి నెల బెనిల్డే ఆమె రాకముందే పెట్టెను సంచిలో పెట్టి, మడిచి, సిద్ధంగా ఉంచింది. మరీసెలా వరస తప్పకుండా నిలబడింది. తన వంతు వచ్చాక ఆ సంచిని ముట్టుకోకుండా, నలుగురికీ వినిపించేలా అడిగింది, "గర్భం రాకుండా వేసుకునే మాత్రలు అత్తయ్యా... ఒక్క నెలకి."