సున్నాలో చుక్క

భయపడే రకం కాదు నేను. అడిలైడ్‌లో ఓ యూనివర్సిటీ మ్యూజియం స్టోర్‌లో మూడేళ్ళుగా తవ్వకాల్లో దొరికిన కుండపెంకులకి నంబర్లు వేస్తున్నాను. రెండువేల ఏళ్ళ కిందటి గ్రీకువాళ్ళవి. కిటికీ లేని బేస్‌మెంటు, ఏసీ రొద, తడిమట్టి వాసన. బయట జనవరి ఎండ మాడ్చేస్తుంటే, లోపల నేను శాలువా కప్పుకుని కూర్చుంటాను. "దెయ్యాల కొంపలో ఉద్యోగమే సుగుణా" అని మా ఆయన ఏడిపిస్తే, "మీ ఆఫీసు కంటే నయం లెండి" అనేదాన్ని.

ఆవేళ స్టోర్‌లో నలుగురం. నేను, గ్రీకు చదవగలిగే క్లారా, వారానికోసారి సాయానికి వచ్చే రిటైరైన ద్వారకానాథ్ అంకుల్, స్కూలు సెలవులని నా వెంటపడి వచ్చిన మా పన్నెండేళ్ళ గీతిక. క్లారా వాళ్ళ నాన్నగారు తెనాలి దగ్గర పాస్టరు. బైబిలు కోసం ఆయన గ్రీకు నేర్చుకుని కూతురికీ నేర్పారు.

మధ్యాహ్నం అరచేతిలో పట్టేంత పెంకు ఒకటి నా ముందుకొచ్చింది. దాని మీద గీరిన పేర్లు, ఐదు వరసలు. మూడు పేర్ల పక్కన సున్నా, సున్నా మధ్యలో చుక్క. నాకు నవ్వాగలేదు. కిరాణా చీటీలో ఇంటికొచ్చిన ప్రతి సరుకు పక్కనా మా అమ్మ అచ్చం అలాగే సున్నా చుట్టి బొట్టు పెట్టేది!

తలుపు దగ్గర మా పేర్ల కాగితం ఉంటుంది. లోపల ఎవరైనా ఉండగా తాళం పడకూడదని, ఇంటికెళ్ళినవాళ్ళ పేరు పక్కన రోజూ నేనే టిక్కు పెడతాను. మూడింటికి అంకుల్ వెళ్ళారు. టిక్కుకి బదులు సరదాగా అమ్మ గుర్తు పెట్టాను. అరగంటకి గీతిక ట్రామెక్కి వాళ్ళ నాన్న ఆఫీసుకి బయల్దేరింది. దాని పేరు పక్కనా అదే పెట్టాను.

నాలుగింటికి క్లారా ఆ పెంకుని లైటు కింద పెట్టి చాలాసేపు చూసింది.

"అక్కా, ఇది సున్నా కాదు. థీటా అని వాళ్ళ అక్షరం." గొంతు తగ్గించింది. "చావు అనే మాట దీంతోనే మొదలవుతుంది. జాబితాలో పోయినవాళ్ళ పేరు పక్కన పెట్టేవాళ్ళు."

"ఛ, ఊరుకో!" అన్నాను గానీ నా చూపు తలుపు మీదికి పోయింది.

అప్పుడే ఫోన్ మోగింది. సెక్యూరిటీ అతను. కార్ పార్కులో ద్వారకానాథ్ గారు స్టీరింగ్ మీద వాలిపోయి కనిపించారట. అంబులెన్స్ వాళ్ళు వచ్చి చూశారట. ప్రాణం పోయి గంటవుతోందట.

గీతిక...

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ...

"దేవుడా, నా చేత్తోనే పెట్టానే!" పెంకుల మీద మట్టి గీకే బ్లేడు తీసుకుని కాగితం దగ్గరికి పరిగెత్తాను. గీతిక పేరు పక్కన గీకాను. చుక్క పోయింది. సున్నా పోలేదు. గీకాను. కాగితానికి చిల్లు పడింది. నా వెనక క్లారా కళ్ళు మూసుకుని ప్రార్థన గొణుగుతోంది. తడిమట్టి వాసన గొంతులోకి దిగుతోంది...

ఫోన్ మోగింది. గీతిక!

"అమ్మా, వై సో మెనీ కాల్స్? ఐయామ్ ఆన్ ద ట్రామ్."

నేల మీద కూలబడి ఏడ్చేశాను. "నా తల్లీ... బాగానే ఉన్నావా?"

"యా. ఇందాక ఫెల్ట్ రియల్లీ డిజీ. ఓకే నౌ. అంకుల్ ఈజ్ విత్ మీ."

"ఏ... ఏ అంకుల్?"

"ద్వారకానాథ్ అంకుల్. నెక్స్ట్ సీట్‌లో. హీ వాంట్స్ టు టెల్ యూ సంథింగ్."

కాసేపు ట్రాము చప్పుడు. తర్వాత, తెలుగులో ఒక్క వాక్యం పూర్తిగా పలకలేని నా కూతురు, ఎక్కడా తడుముకోకుండా అడిగింది.

"దీనిది గీకేశావు. నాదెందుకు వదిలేశావమ్మా, సుగుణా?"