ఆమె మార్చిన ఒక్క వరుస

డ్యామ్ సిస్టమ్స్ ఆపరేటర్‌ను చంపినవాళ్లు మర్యాదస్తులు. అతని కళ్లజోడు తుడిచి, మడిచి, కీబోర్డు పక్కన పెట్టి మరీ వెళ్లారు. చనిపోయే ముందు అతను చేసిన ఫోన్‌లో ఒక్క మాటే ఉంది: "ప్రోగ్రాములో ఒక వరుస మార్చారు."

ఆ ఫోన్ ఎత్తింది దర్జీ షాపు వెనకగదిలో కూర్చునే బాబాయ్. ఆయన ఎవరికీ సొంత బాబాయ్ కాదు, గూఢచారి శాఖకు పెద్ద. వెంటనే కొంగను పిలిపించాడు. పొడుగ్గా, సన్నగా, మెడ ముందుకు చాచి నడుస్తాడని ఆ ఏజెంటుకు ఆ పేరు పెట్టారు.

"కాలరు బిగుతుగా ఉంది," అన్నాడు కొంగ.

"మెడ పెరిగిందేమో," అంటూ బాబాయ్ అతని భుజానికి టేపు ఆనించాడు. సంకేతం సరిపోయింది. "డ్యామ్ కంట్రోల్ రూమ్. ఇవాళ మెయింటెనెన్స్ అయ్యాక సర్వర్ మళ్లీ మొదలవుతుంది. ఆ వెంటనే గేట్లన్నీ లేపేయాలని విదేశీ ముఠా ప్లాన్. కింద ఊరుంది. నువ్వక్కడ ప్రోగ్రామర్ వేషంలో ఉన్నావు కదా, ఏ వరుస మారిందో చూడు."

కొంగ లాప్‌టాప్ తెరిచాడు. వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"ఒక్క మాట మార్చారు, బాబాయ్. గేటుకి ఎవరైనా ఆర్డర్ ఇస్తే, ఇచ్చిందెవరో చెప్పే ఆబ్జెక్ట్, చీటీ లాంటిది, ఒకటి పుడుతుంది. ఆ పని అవగానే అది పోవాలి. స్కోప్డ్ అంటాం. దాన్ని సింగిల్టన్ చేశారు. అంటే ఒకసారి పుడితే సర్వర్ ఆగేదాకా అదే ఉంటుంది. మొదట కార్డు పెట్టినవాడి మొహమే ఆ తర్వాత అందరికీ."

"మొదట పెట్టేదెవరు?"

"ఎప్పుడూ చీఫ్ ఇంజనీరే."

"అంటే దొంగకి కూడా దొర మొహమే. మార్చిందెవరు?"

కొంగ లాప్‌టాప్ సగం మూశాడు. "తను," అన్నాడు.

తను అంటే అతని భార్య. శాఖ ఇచ్చిన భార్య. ఆ డ్యామ్ కాలనీలో జంటలకే ఇల్లిస్తారని శాఖే ఇద్దరు ఏజెంట్లకు పెళ్లి కాగితాలు పుట్టించింది. మిషన్ ముగిసిన రోజే ఆ పెళ్లీ ముగియాలి. కొంగ మాత్రం దాన్ని మనసులో జీవితకాలానికి రిజిస్టర్ చేసుకున్నాడు. పళ్లు తోముకుంటూ ఆమె అతని నడకను వెక్కిరిస్తే, ఆ నురగ నవ్వును రోజంతా తలుచుకుని మురిసిపోయేవాడు.

"ఆ మార్పు చూసి ఓకే చేసిందెవరు?" బాబాయ్ అడిగాడు.

"నేనే."

"చదివావా?"

"లేదు. తను రాసింది కదా అని…"

"కంచే చేను మేసిందన్నమాట," అన్నాడు బాబాయ్. తిట్టలేదు. తిట్టి ఉంటే కొంగకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఇద్దరూ కంట్రోల్ రూమ్ చేరేసరికి ఆలస్యమే అయింది. బాబాయ్ ఏసీ మెకానిక్ వేషంలో, మెడలో విజిటర్ కార్డుతో ఉన్నాడు. చీఫ్ ఇంజనీరు అప్పటికే తన కార్డు పెట్టేశాడు.

"మొదటి గేటు దానంతటదే లేచింది," అన్నాడు ఆయన స్టాప్ బటన్ చూపిస్తూ. "ఆపమని నొక్కితే మరుక్షణమే సిస్టమ్ దాన్ని మళ్లీ లెమ్మంటోంది. ఆ ఆర్డర్ నేనే ఇస్తున్నానంటోంది."

గోడల్లో ఎక్కడో దాచిన పెట్టె ఆ ఆర్డర్లు పంపుతోంది. గేట్లు లేచే ముందు మోగే హెచ్చరిక సైరన్ మోగుతోంది. అది పూర్తిగా మోగి ఆగిన క్షణాన మిగతా గేట్లన్నీ లేస్తాయి. కోడ్ సరిచేసి, ప్రోగ్రామును మళ్లీ తయారుచేసి, అంటే బిల్డ్ చేసేలోగా కింద ఊరుండదు.

"బాబాయ్, మీ కార్డివ్వండి."

"దీంతో వాటర్ కూలర్ దాకా రానిస్తారు, అంతే."

"అంతే కావాలి."

అప్పుడే ఇంటర్‌కమ్ మోగింది. ఆమె గొంతు.

"గేట్ల కింద సొరంగంలో, గ్యాలరీలో ఉన్నాను. వాళ్లు గేట్ల చేతిబ్రేకులు తీసేయమన్నారు, తీసేశాను. నేను బయటికొచ్చాకే మొదలుపెడతామన్నారు. మొదలుపెట్టేశారు. నీళ్లు లోపలికొస్తున్నాయి. తలుపు దాకా వెళ్లాలి."

"పెట్టె ఎక్కడుంది?"

"నాకు చెప్పలేదు. వాళ్లూ నన్ను నమ్మలేదు."

కొంగ చేయి సర్వర్ స్విచ్ మీద ఆగిపోయింది. గ్యాలరీ తలుపు కూడా ఆ ప్రోగ్రామునే అడిగి తెరుచుకుంటుంది. సైరన్ చివరి కూత అందుకుంది.

"సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెడుతున్నాను," అన్నాడు.

"మొదట ఎవరి కార్డు?"

"విజిటర్‌ది."

ఆమె కూడా ప్రోగ్రామరే. విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"మంచి ఐడియా," అంది. "పెట్టేయ్."

పెట్టాడు. సైరన్ గొంతులోనే తెగిపోయింది. పెట్టె మళ్లీ ఆర్డర్ ఇచ్చింది. అనుమతి లేదు. మళ్లీ ఇచ్చింది. అనుమతి లేదు. ఇప్పుడు ఆ డ్యామ్‌లో అందరూ చుట్టపుచూపుగా వచ్చినవాళ్లే, చీఫ్ ఇంజనీరుతో సహా. ఊరు బతికింది. గ్యాలరీ తలుపుకు ఆమె కూడా విజిటరే; అది మూసుకునే ఉంది.

కొంగ సింగిల్టన్ కొట్టేసి స్కోప్డ్ అని రాశాడు. బిల్డ్ మొదలైంది. తెరమీద ఆకుపచ్చ గీత చీమలా పాకుతోంది.

"ఇంకొంచెం ఆగు," అన్నాడు ఇంటర్‌కమ్‌లో. "అయిపోతోంది."

"ఆ వరుస నువ్వు చదువుతావనుకున్నాను," అంది ఆమె. పక్కన నీళ్ల హోరు. "బెదిరిస్తే వాళ్లకి కాదని చెప్పే ధైర్యం లేకపోయింది. నీ దగ్గర ఆగిపోతుందని మార్చాను. ఇవాళ అడుగుతాడు, ఇవాళ అడుగుతాడు అని రోజూ చూశాను."

"నువ్వు రాసిందని చదవలేదు."

"తెలుసు. అందుకే స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని."

అతనేదో అనబోయాడు. అటునుంచి హోరు తప్ప మరేమీ వినిపించలేదు.

బిల్డ్ పూర్తయింది. చీఫ్ ఇంజనీరు కార్డు పెట్టాడు. ఈసారి ఆయన మొహం ఆయనకే దక్కింది. గేటు దిగింది, తలుపు తెరుచుకుంది. ముందు నీళ్లొచ్చాయి. ఆ తర్వాత ఆమెను మోసుకొచ్చారు. కొంగ తడి మెట్ల మీద కూలబడి, ఆమె తల ఒళ్లో పెట్టుకుని, పసివాడిలా ఏడ్చాడు. శాఖలో ఏడవకూడదన్న రూలు ఆయనే రాసినా, బాబాయ్ అడ్డు చెప్పలేదు.

ముఠా దొరికింది. కొంగకు పతకం ఇచ్చారు. అతను మాత్రం భార్య పోయిందని సెలవు అడిగాడు. రికార్డులు తిరగేసిన గుమాస్తా, మిషన్‌తో పాటే పెళ్లి కూడా రద్దయింది కాబట్టి ఆ సెలవు రాదన్నాడు.

"సరే," అన్నాడు కొంగ. "ఒంట్లో బాగాలేదని రాసుకోండి."