గడప బయటి పుస్తకం

తిరువొత్తియూరులో తెల్లవారిందంటే ముందు సముద్రం వాసన వస్తుంది, తరువాత ఫ్యాక్టరీ సైరన్ వినిపిస్తుంది. ఆ రెండింటి మధ్యా వెంకటలక్ష్మి వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, ముగ్గు వేసేస్తుంది. ఆ శనివారం కూడా ముగ్గు పూర్తిచేసి నడుము ఎత్తేసరికి అరుగు మీద గోధుమరంగు కాగితం చుట్టిన కట్ట ఒకటి కనబడింది.

"ఏందే సెల్వీ, ఇది ఈడ పెట్టినావు?"

కూతురు కలైసెల్వి నోట్లో బ్రష్షుతోనే బయటికి వచ్చింది. "పుస్తకాలమ్మా. మా ప్రెస్సువి. నువ్వు తిడతావని లోపలికి తేలా."

"పుస్తకాలు తెస్తే నేనెందుకు తిడతా?"

"అవ్వ పాటలమ్మా అవి."

వెంకటలక్ష్మి ముఖం మారిపోయింది. అవ్వ అంటే ఆమె అత్తగారు రాసాత్తి. చుట్టుపక్కల జాలరి కుప్పాల్లో ఎవరు పోయినా ఒప్పారికి ముందు గొంతు ఆమెదే. చావు ఇంట ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ పాడే పాటలవి. అందరూ చల్లగా ఉన్న ఇంటి కప్పు కింద వాటిని కూనిరాగం కూడా తీయకూడదు. పాడి వచ్చిన మనిషి గడప బయటే పసుపు నీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి. అప్పటిదాకా కన్నబిడ్డ కూడా ముట్టుకోకూడదు.

వెంకటలక్ష్మి లోపలికి వెళ్ళింది. చెంబు నిండా పసుపు నీళ్ళు తెచ్చి, కట్ట మీద గుమ్మరించింది.

"ఇంక లోపలికి తెచ్చుకో."

"అమ్మా! పుస్తకాలు అవి!" సెల్వి బ్రష్షు ముగ్గులో పడింది.

"సావు పాటలు కదే. కాళ్ళుంటే కాళ్ళ మీదే పోసుండేదాన్ని."

సెల్వి గబగబా కాగితం చించింది. అడుగున ఉన్నవి బతికాయి. పైన ఉన్న కాపీకి మాత్రం అట్ట సగం పచ్చబడింది. అదే మొదటి కాపీ. ఆమెకు ఏడుపు వచ్చేసింది.

సెల్వి విశ్వవిద్యాలయం ప్రచురణ విభాగంలో ప్రూఫులు దిద్దుతుంది. బీచి రోడ్డు పక్కన, పాత భవనంలో, రెండు గదులే. కానీ ఆ గదుల్లోకి అడుగుపెట్టిన ప్రతి ఉదయం ఆమెకు గుడిలోకి వెళ్ళినట్టే ఉంటుంది. ఆ బీరువాల్లో దక్షిణాది అంతా ఉంది. జోలపాటల మీద ఒక పుస్తకం, వలలు అల్లే తీరు మీద ఒకటి, గ్రామదేవతల కొలుపుల మీద, తాటాకు బుట్టల మీద, రథానికి తాళ్ళు పేనే వాళ్ళ మీద. ఎవరూ రాసిపెట్టని సంగతులను వాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి అడిగి రాస్తారు. సంపాదకురాలు సత్యభామ రాసాత్తి కోసం లోకల్ రైలెక్కి ఎన్నిసార్లు వచ్చిందో! ఇంట్లో పాడకూడదంటే, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని సముద్రపు ఒడ్డున ఇసుకలో కూర్చుంది. రాసుకున్న ప్రతి పాటనూ మళ్ళీ చదివి వినిపించి, రాసాత్తి సరేనన్నాకే అచ్చుకు ఇచ్చింది. ఆ ప్రెస్సులో ఇంకో పద్ధతి ఉంది. అట్ట మీద పాడినవాళ్ళ పేరు పైన, సేకరించినవాళ్ళ పేరు కింద. మొదటి కాపీ పాడినవాళ్ళ చేతికి అందాకే ఆవిష్కరణ.

ఆవిష్కరణ ఆ సాయంత్రమే.

"పొద్దున్నే ఏంది రచ్చ?" తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ కాటయ్య వచ్చాడు. ఫ్యాక్టరీలో క్రేన్ నడిపే మనిషి, ఆ రోజు సెలవు. కూతురి చేతిలోని పుస్తకం తీసుకుని చూశాడు. అట్ట మీద తన తల్లి బొమ్మ. దాని పైన పెద్ద అక్షరాలతో ఆమె పేరు.

"పాటలు కాలేజీ బీరువాలో పెట్టుకుంటారని కదా చెప్పినావు? అమ్మ పేరెందుకు వేసినారు?"

"మా ప్రెస్సులో అట్లే వేస్తారు నాయనా. మర్యాద కోసం."

"ఏం మర్యాద? సావు ఇంట పాడేదని ఊరంతా టముకు వేసేదా మర్యాద? ఆ పేరు మీద కాగితం ముక్క అతికించమను. సాయంత్రం అమ్మ ఆడికి రాదు."

సెల్వి ఎప్పుడూ తండ్రికి ఎదురు చెప్పి ఎరగదు. అయినా చెప్పింది. "అట్లా చెయ్యరు నాయనా. చెయ్యమని నేను అడగను కూడా."

"ఏమన్నావ్?"

"అడగను."

కాటయ్య పుస్తకం అరుగు మీద పడేశాడు. "నీకేం తెలుసే? నేను బళ్ళోకి పోతే పిలకాయలంతా గుండెలు బాదుకోని ఏడ్చేవాళ్ళు, నవ్వుతా! ఒప్పారి కొడుకు వచ్చినాడురా అని. సావు ఇంట అమ్మకిచ్చిన చీర గుడ్డతో కుట్టిన చొక్కా చూసి, ఎవురు సచ్చింది ఈసారి అనేవాళ్ళు. బడి మానేసింది అందుకే. ఇప్పుడు నా కూతురే అచ్చేయించి తెచ్చింది."

వెంకటలక్ష్మి నెమ్మదిగా అంది, "పోనీయ్యా. చిన్నది. తెలీక..."

"తెలీక కాదు మా, తెలిసే," అంది సెల్వి. కన్నీళ్ళు కారుతున్నా మాట ఆగలేదు. "అవ్వ లేకపోతే ఆ ఇళ్ళల్లో ఎట్లా ఏడ్చేవాళ్ళు? అంత పెద్ద మేడమ్ అవ్వ ముందు కింద కూర్చుంది. నాకు ఎంత గర్వంగా ఉండిందో తెలుసా నాయనా? మీకు మాత్రం సిగ్గు."

గడప లోపల నుంచి దగ్గు వినిపించింది. రాసాత్తి గోడ పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. తడిసిన పుస్తకాన్ని ఒళ్ళోకి తీసుకుని, చెంగుతో అద్దింది.

"పసుపు పోసినావా లక్ష్మీ? మంచి పని చేసినావు," అంది. తరువాత కొడుకు వైపు చూసింది. "నేను రానులేరా ఆడికి. నీకు వద్దంటే వద్దు. ఒక్కటి మాత్రం చెయ్యి. ఇది చదివి వినిపించు."

"ఆ మేడమ్ చదివింది కదా."

"నీ నోట వినలా."

"ఈడనా?"

"ఇంట్లో చదవకూడదు. ఒడ్డుకి పోదాం దా."

కాటయ్య తల్లి మాట కాదనలేకపోయాడు. ముందు ఆయన, ఆయన భుజం పట్టుకుని రాసాత్తి, వెనకాల సెల్వి నడిచారు. పడవల నీడలో రాసాత్తి కూలబడింది. కాటయ్య నిలబడే, కరెంటు బిల్లు చదివినట్టు మొదలుపెట్టాడు.

"వాకిట చెప్పులు అడుగుతాయి నీ కాళ్ళు ఏవని. వంటింటి చెంబు అడుగుతాది నీ దాహం ఏదని..."

"బస్సు పోతాదా ఏంది? నిదానంగా చదువు," అంది రాసాత్తి.

ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గొంతు నెమ్మదించింది. తెలియకుండానే మాటల చివర రాగం వచ్చి చేరింది. పుట చివరికి వచ్చాడు. తిప్పబోతే తడిసిన కాగితాలు అతుక్కున్నాయి. కానీ ఆయన ఆగలేదు.

"సముద్రం తిరిగొస్తాది రోజూ ఒడ్డుకి... నువ్వు పోయిన ఒడ్డేదో చెప్పి పోలేదే..."

సెల్వి తల ఎత్తి చూసింది. తండ్రి పుస్తకం వైపు చూడటం లేదు.

"నీకెట్లా వచ్చురా?" అని అడిగింది రాసాత్తి.

"ఈ ఇసుకలోనే నీ ఒళ్ళో పడుకుని కదమ్మా విన్నా," అన్నాడు కాటయ్య. ఆయన ఇసుకలో కూర్చుండిపోయాడు. "నాకు నిద్రొచ్చేదే ఈ పాటతో."

రాసాత్తి అలల వైపు తిరిగింది. అటే చూస్తూ చెప్పింది. "మీ నాయన పోయిన పొద్దు మనింట పాట లేదురా. సావు జరిగిన ఇంటి ఆడది పాట ఎత్తకూడదు. ఎత్తేదానికి ఇంకెవురికీ రాదు. అందరికీ పాడినదాన్ని, నా మొగుడికి పాట లేకుండా పంపినా. నేను పోయినప్పుడు కూడా మనిల్లు మూగగా ఉండకూడదని ఆ మేడమ్ అడగ్గానే ఒప్పుకున్నా. ఇప్పుడు ఎవురైనా చూసి పాడొచ్చు కదా."

కాటయ్య పుస్తకంలో ముఖం దాచుకున్నాడు. భుజాలు అదురుతున్నాయి. ఆయన ఏడవడం సెల్వి చూడటం అదే మొదటిసారి.

సాయంత్రం విశ్వవిద్యాలయం హాలులో ముందు వరుసలో రాసాత్తి, పక్కన ఇస్త్రీ చొక్కాలో కాటయ్య కూర్చున్నారు. సెల్వి తల దించుకుని తడిసిన కాపీని సత్యభామకు ఇచ్చి జరిగింది చెప్పింది. ఉద్యోగం పోతుందేమోనని ఆమె భయం. సత్యభామ ముందు నవ్వింది. తరువాత ఆ పచ్చని అట్టను అరచేత్తో నిమిరింది.

"కాగితం మీద పెడితే పాట చచ్చిపోతుందని అందరూ నన్ను భయపెట్టారు సెల్వీ. పసుపు నీళ్ళు పోసిన మీ అమ్మగారికి ఇది బతికే ఉన్నట్టు కనబడింది," అంది. ఆ కాపీనే రాసాత్తి చేతుల్లో పెట్టి, ఆమె పాదాలకు నమస్కరించింది. అందరూ చప్పట్లు కొడుతుంటే కాటయ్య లేచి నిలబడ్డాడు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. వెంకటలక్ష్మి గడప దగ్గర పసుపు నీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. పాటల సభ నుంచి వచ్చిన అత్త కాళ్ళ మీద పోయాలో వద్దో తెలియక భర్త ముఖం చూసింది.

"పొయ్యవే లక్ష్మీ, అలవాటే కదా," అంటూ రాసాత్తి చీర కొంచెం పైకి ఎత్తింది.

కాటయ్య చెంబు అందుకున్నాడు. చిన్నప్పుడు ఇదే వాకిట్లో, అమ్మ కాళ్ళు కడుక్కునేదాకా దూరంగా నిలబడి ఎదురుచూసేవాడు. ఇప్పుడు ముగ్గు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"ముట్టుకోకూడదురా, ఇంకా కడగలా," అంది తల్లి కంగారుగా.

"తెలుసు మా," అన్నాడు కాటయ్య. ఆమె పాదాలు రెండు చేతుల్లోకి తీసుకుని, అప్పుడు నీళ్ళు పోశాడు.